బోను చూడని చదువు

క్రిమినల్ జస్టిస్ అనేది గదిలో తలుపేసుకుని నేర్చుకునే చదువు కాదు. నేనీ మాట అంటే మా ఇంట్లో పిల్లలకు చిరాకు. "మీ కాలం వేరు తాతయ్యా" అంటారు. వేరే, కాదన్నదెవరు? మా కాలంలో ఇంటర్నెట్టు లేదు, సెల్లు లేదు, జిరాక్సు మిషను ఊరికొకటి ఉంటే గొప్ప. అయినా మా రోజుల్లో ఈ విద్య నేర్చినవాడికి ముద్దాయి మొహం తెలుసు, చచ్చిపోయినవాడి పెళ్లాం మొహం తెలుసు. ఇవాళ పట్టా పుచ్చుకుంటున్న పిల్లల్లో చాలామందికి ఆ రెండూ తెలియవు. నా గోడంతా అదే. గుంటూరు జిల్లా కోర్టుల్లో ప్రాసిక్యూటరుగా తల నెరిసినవాణ్ణి, చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

మా తమ్ముడి మనవరాలు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, క్రిమినల్ జస్టిస్‌లో ఆన్‌లైన్ పీజీ కట్టింది. చురుకైన పిల్ల. సంక్రాంతికి వచ్చినప్పుడు లాప్‌టాప్ ముందు పెట్టుకుని పాఠం వింటోంది. నేనూ పక్కన కుర్చీ లాక్కున్నాను. తెర మీద మాస్టారు తరుముకొస్తున్నట్టు మాట్లాడుతున్నాడు. ఏమ్మా ఈయనకింత తొందర అంటే, "నేనే స్పీడ్ పెంచాను తాతయ్యా, ఒకటిన్నర రెట్లు" అంది. ఆ రోజు పాఠం ఎఫ్ఐఆర్ మీద. పాఠం అయిపోగానే పది ప్రశ్నలొచ్చాయి. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కాలి. అన్నీ సరిగ్గానే నొక్కింది. పాత సీఆర్‌పీసీలో 154వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 173 అని తడుముకోకుండా చెప్పింది.

"ఎఫ్ఐఆర్ ఎప్పుడైనా చూశావా తల్లీ?"

"పీడీఎఫ్ చూశాను."

మా రోజుల్లో ఎఫ్ఐఆర్ పుస్తకం స్టేషన్ రైటరు బల్ల మీద ఉండేది. మధ్యమధ్య కార్బన్ కాగితాలు పెట్టి, అడుగు కాపీ దాకా అక్షరం దిగాలని పెన్ను ఒత్తి ఒత్తి రాసేవాడు. ఒక కాపీ మేజిస్ట్రేటు గారికి వెళ్లాలి. పగలైతే కోర్టుకు, రాత్రయితే ఇంటికి. కానిస్టేబులు ఆ కవరు చొక్కా లోపల దోపుకుని ఆఖరి బస్సు పట్టుకునేవాడు. మేజిస్ట్రేటు తలుపు తీసి, కాగితం మూలన తేదీ, అందిన టైము వేసి పొడి సంతకం చేసేవారు. ఆ మూలనున్న అంకెల మీద ఉరిశిక్ష పడాల్సిన కేసులు నిలబడ్డాయి, కూలిపోయాయి కూడా. హత్య సాయంత్రం ఆరింటికి. రిపోర్టు ఇచ్చింది రాత్రి ఎనిమిదింటికి. కాగితం మేజిస్ట్రేటు చేతికి చేరింది మర్నాడు మధ్యాహ్నం. స్టేషనుకూ కోర్టుకూ మధ్య గంట ప్రయాణం. మరి మిగతా టైమంతా ఏమైంది? ఊరి పెద్దలు అరుగు మీద కూర్చుని ఎవరెవరి పేర్లు ఇరికించాలో తేల్చుకున్నారా? డిఫెన్సు లాయరు ఆ కానిస్టేబులును బోనెక్కించి, బస్సు ఎన్నింటికి ఎక్కావు, ఎక్కడ దిగావు, ఎక్కడ పడుకున్నావు, పొద్దున్నే ఎందుకివ్వలేదు అని ఒక్కొక్కటే అడుగుతుంటే హాలంతా చెవులు రిక్కించేది. పల్నాటి పార్టీ తగాదాల కేసుల్లో ఇలాంటివి నేను ఎన్నో చూశాను. కానిస్టేబులు అబద్ధమాడకపోవచ్చు, నిజంగానే బస్సు తప్పిపోయి ఉండొచ్చు. కానీ నుదుటి చెమట తుడుచుకుంటూ జడ్జిగారి వంక చూసే ఆ చూపు చూస్తే, ఆలస్యం అన్న ఒక్క మాటకు కోర్టులో ఎంత బరువుందో జన్మలో మరిచిపోరు.

సెక్షను నంబరు నోటికొచ్చిన పిల్లకు ఆ మూలనున్న టైము సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు టైము కంప్యూటరే వేసుకుంటుంది, పోలీసుల కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్ఎస్‌లో అన్నీ నమోదవుతాయి, ఆ మేరకు మంచిదే. కొత్త చట్టం ప్రకారం ఫోన్లో, మెయిల్లో కూడా ఫిర్యాదు పంపొచ్చు. మూడు రోజుల్లోగా వచ్చి సంతకం పెట్టాలి. మరి ఆ మూడు రోజుల్లో ఫిర్యాది ఇంటికి ఎవరెవరొస్తారు, ఎవరు బతిమాలతారు, ఎవరు బెదిరిస్తారు? ఇది నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కే ప్రశ్న కాదు. స్టేషను బయట చెట్టు కింద ఓ పూట కూర్చుంటే తెలిసిపోతుంది.

నేను దూరవిద్యకు వ్యతిరేకిని కాను. మా రోజుల్లోనూ దూరవిద్య ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ 1972లోనే పోస్టులో పాఠాలు పంపడం మొదలుపెట్టింది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు, తర్వాత దానికి అంబేడ్కర్ గారి పేరు పెట్టారు. ఆ పాఠాల పుస్తకాలు చంకన పెట్టుకుని ఆదివారాలు క్లాసులకు వెళ్లే కానిస్టేబుళ్లను, కోర్టు గుమాస్తాలను, పంచాయతీ ఉద్యోగులను నేనెరుగుదును. మా కోర్టులో పనిచేసిన ఒక హెడ్ కానిస్టేబుల్ రాత్రి సెంట్రీ డ్యూటీలో లాంతరు పెట్టుకుని చదివి బీఏ పాసయ్యాడు. అతగాడికి చదువు మాత్రమే దూరాన్నుంచి వచ్చేది. మిగతాదంతా కళ్లెదుటే ఉండేది. లాకప్పు, సాక్షులు, శవం దగ్గర మధ్యవర్తుల నివేదిక రాయించడం, వాయిదాకు రాని సాక్షి కోసం పొలాలంట తిరగడం, అన్నీ చేతి మీదుగా జరిగినవే. పాఠంలో ఏదన్నా చదివితే, అది నిన్ననో మొన్ననో తన కళ్ల ముందు జరిగిందే అయి ఉండేది. ఇప్పుడు మాదాపూరులోనో బెంగళూరులోనో పదో అంతస్తులో ఉండే పిల్లకు చదువూ దూరమే, చదివే విషయమూ దూరమే. ఈ రెండో దూరాన్ని తగ్గించే బాధ్యత కోర్సు పెట్టినవాళ్లది. ఆ బాధ్యత వాళ్లు తీసుకోవడం లేదన్నదే నా ఫిర్యాదు.

అమెరికాలో మనవాళ్ల పిల్లలు కూడా ఇప్పుడు ఈ డిగ్రీ ఆన్‌లైన్లో చేస్తున్నారట. అక్కడే కదా ఈ చదువు వేళ్లూనుకుంది. బర్క్‌లీ ఊరి పోలీసు అధిపతి ఆగస్ట్ వోల్మర్ ముందు తన పోలీసులకు బడి పెట్టాడు. 1916లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో పోలీసు విద్యకు తరగతులు మొదలుపెట్టించాడు. స్టేషను నడిపేవాడు పాఠం చెప్పించిన చదువది. స్టేషనూ క్లాసూ ఒక ఊళ్లోనే ఉండేవి.

మన దగ్గర ఎల్ఎల్‌బీ సంగతి చూడండి. దాన్ని దూరవిద్యలో చెప్పడానికి బార్ కౌన్సిల్ ఒప్పుకోదు. ఆన్‌లైన్లో ఎన్ని నేర పాఠాలు చదివినా నల్లకోటు రాదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలంటే వకీలుగా ఏడేళ్లన్నా గడవాలి. ఎస్సై ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా చాలు, ఆపైన పరీక్షా పరుగూ ఉండనే ఉన్నాయి. ఈ మూడు ముక్కలూ ముందే చెప్పాలి కదా? ప్రకటనల్లో మాత్రం కటకటాలూ భూతద్దమూ బొమ్మ వేసి, నేర పరిశోధనలో మీ భవిష్యత్తు అని రాస్తారు. మధ్యతరగతి తల్లిదండ్రులు ఫీజు కడతారు. ఇది అన్యాయం. న్యాయం నేర్పుతామనేవాళ్లు చేసే అన్యాయం కాబట్టి నాకు మరీ మంట.

ఎల్ఎల్‌బీ పిల్లలకు బార్ కౌన్సిల్ పెట్టిన నియమం ఇంకోటి ఉంది. కోర్సు అయ్యేలోగా రెండు కేసుల విచారణ చూసి రాయాలి, ఒకటి సివిలు, ఒకటి క్రిమినలు. దానికి మార్కులున్నాయి. ఎంతమంది నిజంగా కూర్చుని చూస్తున్నారన్నది అలా ఉంచండి, నియమమైతే ఉంది. డాక్టరీ చదివేవాడు ఆసుపత్రి వార్డు తిరగకుండా పట్టా ఇవ్వరు. పేరులోనే క్రిమినల్ జస్టిస్ పెట్టుకున్న కోర్సుకు మాత్రం ఒక్క వాయిదా కూడా చూడకపోయినా మొదటి తరగతి వస్తుంది. ఇదెక్కడి పద్ధతి?

మా చదువు ఎలా సాగిందో చెబుతాను. పొద్దున క్లాసులు, పదిన్నరకల్లా కోర్టు. రతన్‌లాల్ ధీరజ్‌లాల్ ఐపీసీ పుస్తకం సెకండ్ హ్యాండులో కొనుక్కున్నాను, అట్ట ఊడిపోతే గోధుమరంగు కాగితం అంటించాను. మోడీ గారి మెడికల్ జూరిస్‌ప్రుడెన్స్ కొనే స్తోమత లేదు, లైబ్రరీలోనే కూర్చుని నోట్సు రాసుకునేవాణ్ణి. అవన్నీ సరే. అసలు చదువు మా సీనియరు గారి వెనక బెంచీలో జరిగింది. ఆయన పాఠం చెప్పేవారు కాదు. కట్టలు మోయించేవారు, వాయిదాలు రాయించేవారు, నోరు మూసుకుని కూర్చోమనేవారు. బంట్రోతు గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు కేకేయడం, సాక్షి తలపాగా విప్పి చంకన పెట్టుకుని భయంభయంగా లోపలికి రావడం, ప్రమాణం చేసేటప్పుడు గొంతు పూడుకుపోవడం, క్రాసులో మంచి లాయరు నాలుగు తేలిక ప్రశ్నలతో మొదలుపెట్టి అయిదోదాంట్లో ఉచ్చు బిగించడం, ఇవన్నీ అక్కడే చూశాను. పోలీసులకు చెప్పిన మాటకూ బోనులో చెప్పిన మాటకూ పొంతన లేకపోతే ఆ సాక్షి ఎదురు తిరిగినట్టు. ఎందుకు తిరిగాడో తెలియాలంటే మధ్యాహ్నం భోజనం వేళ కోర్టు ఆవరణలోకి రావాలి. సాక్షి పక్కన కూర్చుని టీ తాగించేదెవరో, బత్తా డబ్బులు కాక ఇంకేం చేతులు మారుతున్నాయో, పంట కల్లంలో ఉండగా అతగాడి గడ్డివాము కాలబెడతామని ఎవరు బెదిరించారో, అక్కడ పది నిమిషాల్లో తెలుస్తుంది. సాక్షి ఎదురు తిరగడం అని పాఠంలో ఒక శీర్షిక ఉంటుంది, కింద నాలుగు పాయింట్లుంటాయి. మనిషి ఉండడు.

గడ్డివాము అంటే గుర్తొచ్చింది. పులుకూరి కోటయ్య కేసు అని ఒకటుంది. దేశంలో ఏ క్రిమినల్ కోర్టులోనైనా ఇవాళ్టికీ ఆ పేరు వినిపిస్తుంది. అది మా గుంటూరు కేసు. సెషన్సు కోర్టులో మొదలై, మద్రాసు హైకోర్టు మీదుగా లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1947 నాటి రిపోర్టుల్లో అచ్చయింది. పులిపాడు చెరువు దగ్గర కాపేసి జరిగిన ఖూనీ, ఈటె గడ్డివాములో దాచాను చూపిస్తానని పోలీసులకు ముద్దాయి చెప్పిన మాట. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. అయితే ఆ మాటను బట్టి ఏదన్నా వస్తువు బయటపడితే, దాని దాకా ఉన్న ముక్క చెల్లుతుంది. ఎంత ముక్క? ఈటె ఫలానా చోట ఉందన్న ఎరుక అతనికి ఉందన్నంత వరకే. దానితో పొడిచాను అన్న ముక్క చెల్లదు. ఆ గీత ఆ కేసులో గీశారు. పాత ఎవిడెన్సు చట్టం 27వ సెక్షను, కొత్తదాంట్లో 23 కింద చేర్చారు.

మా మనవరాలికి ఈ కేసు తెలుసు. పేరూ సంవత్సరమూ చెప్పింది. అది మన జిల్లా సంగతని మాత్రం తెలియదు. ఆ పాఠం తయారుచేసిన మాస్టారికీ తెలియదేమో. నరసరావుపేట కోర్టులో మా సీనియరు గారు ఈ కేసు చెప్పేటప్పుడు చేత్తో గాలిలో గీత గీసి చూపేవారు, ఇక్కడిదాకా నీది, ఇక్కణ్ణించి ముద్దాయిది అని. సీలేసిన గుడ్డ మూట విప్పి, తుప్పూ నెత్తురూ కలిసి నల్లబడ్డ కొడవలి బల్ల మీద పెట్టి, దాని మీది చీటీలో మధ్యవర్తుల సంతకాలు చదివి, "ఈ సంతకం మీరు పెట్టిందేనా, ఎక్కడ పెట్టారు, ముళ్లపొద దగ్గరా, స్టేషనులోనా?" అని అడిగే వేళకు ఆ గీత ఎందుకు గీశారో అర్థమయ్యేది. స్టేషనులో కూర్చోబెట్టి సంతకం పెట్టిస్తే ఆ కొడవలి ఎక్కడ దొరికినట్టు? ఇప్పుడు సోదాలూ స్వాధీనాలూ వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ 105 చెబుతోంది. ఏడేళ్లూ ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావాలని 176 చెబుతోంది. రెండూ మంచి మార్పులే, మా రోజుల్లో ఉంటే ఎన్నో కేసులు నిలిచేవి, ఎందరో అమాయకులు బయటపడేవాళ్లు. కానీ ఆ వీడియోలో ఏది చూడాలో తెలియాలంటే ముందు ఆ మూట వాసన తెలియాలి.

ఇంకో సంగతి నన్ను మరీ బాధపెట్టింది. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో జరిగిన రమీజాబీ ఉదంతం. పెనిమిటితో కలిసి రాత్రి సినిమా నుంచి వెళుతున్న మనిషిని పట్టుకుపోయి అత్యాచారం చేశారన్నది ఆరోపణ, అడగబోయిన ఆ పెనిమిటి, రిక్షా తొక్కే అహ్మద్ హుస్సేన్, పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఊరు అట్టుడికింది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, అక్కడ 1981లో కొట్టేశారు. అదే రోజుల్లో మహారాష్ట్రలో మథుర అనే అమ్మాయి మీద స్టేషనులో జరిగిందన్న అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేస్తే, నలుగురు లా ప్రొఫెసర్లు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఈ రెండు కేసుల రగడ ఊరికే పోలేదు, 1983లో అత్యాచార చట్టం మారింది. కస్టడీలో జరిగిన దాన్ని వేరే నేరంగా రాశారు, అలాంటి కేసులో బాధితురాలు తాను ఒప్పుకోలేదని చెబితే కోర్టు అలాగే అనుకోవాలన్నారు.

అప్పుడు మేం కుర్రవాళ్లం. కోర్టు క్యాంటీన్లో టీ చల్లారిపోయేది, మాటలు ఆగేవి కావు. పోలీసుల తరఫున మాట్లాడే సీనియర్లూ ఉండేవారు, బల్ల గుద్ది పోట్లాడేవాళ్లం. సాయంత్రాలు సభలకు వెళ్లేవాళ్లం. స్త్రీల సంఘాల వాళ్లు మాట్లాడితే విని, ఇంటికొచ్చి పుస్తకం తెరిచేవాళ్లం, చట్టంలో ఈ మాట ఎక్కడుంది, ఎందుకు లేదు అని. ఇప్పటి పాఠంలో రమీజాబీ కేసు ఏ చట్ట సవరణకు దారితీసింది అని ఒక మార్కు ప్రశ్న. మా పిల్ల 1983 నొక్కింది, పచ్చ టిక్కు పడింది, తర్వాతి ప్రశ్నకు పోయింది. నాకు మనసు చివుక్కుమంది. ఆ పిల్లను తప్పుపట్టను. నల్లకుంటకు అరగంట దూరంలో ఉంటోంది, కోర్సువాళ్లు ఒక్క రోజు కూర్చోబెట్టి ఈ కథ మొత్తం చెప్పి, మీరైతే ఏం చేసేవారని అడిగి ఉంటే, ఆ పిల్ల తెల్లవార్లూ ఆలోచించేది. అంత మనసున్న పిల్ల.

అసైన్‌మెంట్ల సంగతి కూడా చెప్పాలి. మా రోజుల్లో దూరవిద్య అసైన్‌మెంటు చేత్తో రాసి పోస్టులో పంపేవాళ్లు, ఎర్రసిరాతో దిద్ది వెనక్కొచ్చేది. ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే నిమిషంలో రాసిపెడుతోంది. అందులో లేని తీర్పులకు పేర్లు పుట్టించి ఉదాహరించడమూ ఉంది. 2023లో న్యూయార్కులో ఇద్దరు వకీళ్లు ఇలాగే పుట్టించిన తీర్పులు కోర్టు ముందు పెట్టి జరిమానా కట్టారు. వకీళ్లకే ఆ గతి పడితే, ఇంతవరకు నిజమైన తీర్పు ఒక్కటీ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదవని పిల్లల మాటేమిటి? నా మాట విని మా పిల్ల డి.కె. బసు తీర్పు పూర్తిగా చదివింది. అరెస్టు చేసేటప్పుడు పోలీసులు ఏమేం పాటించాలో 1996లో సుప్రీంకోర్టు రాసిపెట్టిన తీర్పు. చదివాక ఫోను చేసి, ఇన్ని చావులు జరిగితే గానీ ఇది రాయలేదా తాతయ్యా అంది. ఆ ప్రశ్న ఆ పిల్ల నోట ఏ క్విజ్జూ పలికించలేదు.

కోర్టు విచారణలు ఇప్పుడు యూట్యూబులో వస్తాయి కదా అంటారు. వస్తాయి. 2022 సెప్టెంబరు నుంచి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వాదనలు చూపిస్తున్నారు, నేనూ చూస్తాను, బాగుంటాయి. కానీ అక్కడ సాక్షి ఉండడు. పెద్ద వకీళ్లు, పెద్ద జడ్జీలు, కాగితాలు, అంతే. నేరన్యాయం నడిచేది మేజిస్ట్రేటు కోర్టులో. దొంగతనం కేసులో సంకెళ్లతో వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు, వాడికి జామీను ఇచ్చే దిక్కులేక వరండాలో నిలబడ్డ తల్లి. అదెవరూ ప్రసారం చేయరు. చేయాల్సిన పనీ లేదు, ఎందుకంటే తలుపులు తెరిచే ఉన్నాయి. విచారణ బహిరంగంగా జరగాలని, చోటున్నంత వరకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని చట్టమే చెబుతోంది. పాత సీఆర్‌పీసీలో 327, బీఎన్ఎస్ఎస్‌లో 366. అత్యాచారం కేసుల్లాంటివి తప్ప మిగతావన్నీ ఎవరైనా చూడొచ్చు. పైసా ఖర్చు లేదు. ఇంత పెద్ద బడి ఊరూరా ఊరికే తెరిచిపెట్టి ఉంటే, వేలకు వేలు పోసి వీడియోలు కొంటున్నారు.

జైలు మాట చెప్పకుండా ఉండలేను. 2022 చివరికి దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది. వాళ్లలో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కానివాళ్లే. నూటికి 75 మందికి పైగా. జాతీయ నేర నమోదు సంస్థ లెక్క ఇది, ప్రతి కోర్సులోనూ ఉంటుంది. గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లోనే గడిపేస్తే బెయిలివ్వాలని పాత సీఆర్‌పీసీ 436ఏ చెప్పింది. బీఎన్ఎస్ఎస్ 479 ఇంతకుముందు ఏ నేరమూ రుజువు కానివాడికి దాన్ని మూడో వంతుకు తగ్గించింది. ఈ సెక్షను పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఎవరైనా జైలు లీగల్ ఎయిడ్ క్లినిక్కులో కూర్చుని, ఒక్క ఖైదీ పేరు మీద, అరెస్టు తేదీ నుంచి లెక్కేసి, ఇతను ఎప్పుడు బయటికి రావాల్సింది అని కాగితం మీద తేల్చారా? అది చేస్తే ఒక మనిషి ఇంటికి వెళతాడు. ఇంతకు మించిన ప్రాజెక్టు పని ఏముంటుంది? దానికి బదులు ఇంటర్నెట్లోంచి ఏరి యాభై పేజీలు నింపి రంగు అట్ట వేసి పంపుతున్నారు.

ఆన్‌లైన్ వల్ల ఏ మేలూ లేదని అనను. మా లా క్లాసులో ఆడపిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు మా మనవరాలి బ్యాచీలో సగానికి పైగా వాళ్లేనట. ఏజెన్సీలో పనిచేసే మహిళా కానిస్టేబులు ఉంది, చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని పాఠం వినే గృహిణి ఉంది, ఒక జైలు వార్డరు కూడా ఉన్నాడు. ఇగ్నో వంటి సంస్థ క్రిమినల్ జస్టిస్‌లో పీజీ డిప్లొమా పెట్టిందంటే వాళ్లలాంటి వాళ్ల కోసమే, అది అవసరం. 2024 జులై 1న మూడు నేర చట్టాలూ ఒక్కసారి మారినప్పుడు, 511 సెక్షన్ల ఐపీసీ 358 సెక్షన్ల బీఎన్ఎస్ అయినప్పుడు, ముందుగా అందుకున్నది ఈ పిల్లలే. పాత నంబరు కొడితే కొత్తది చూపే సంకలన్ యాప్ నాకు ఫోన్లో పెట్టిచ్చింది కూడా మా పిల్లే. ఆ వార్డరునూ ఆ కానిస్టేబులునూ వారానికోసారి మాట్లాడమంటే మిగతావాళ్లందరికీ పాఠమవుతుంది. క్లాసులో అలాంటి మనుషులను పెట్టుకుని, వాళ్ల మైకులు మూయించి, రికార్డు చేసిన పాఠం వేస్తున్నారు. ఎంత వ్యర్థం!

కాబట్టి యూనివర్సిటీల వాళ్లను నేను అడిగేది పెద్దదేం కాదు. సెమిస్టరుకు కొన్ని రోజులు, విద్యార్థి ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు కోర్టులో, సెషన్సు కోర్టులో కూర్చోవాలని రాయండి. ఒక కేసు పట్టుకుని ఛార్జి నుంచి తీర్పు దాకా వాయిదా వాయిదాకూ వెళ్లమనండి, తీర్పు రాకపోతే ఎందుకు రాలేదో రాయమనండి. ఒకరోజు జైలు క్లినిక్కు, ఒకరోజు స్టేషను రిసెప్షను. జిల్లా న్యాయసేవాధికార సంస్థతో ఒప్పందం చేసుకుంటే ఇవన్నీ జరిగే పనులే. ప్రాజెక్టు మార్కులన్నీ దానికే ఇవ్వండి. రిటైరైన ప్రాసిక్యూటర్లు, ఇన్‌స్పెక్టర్లు, కోర్టు సూపరింటెండెంట్లు ప్రతి ఊళ్లోనూ ఖాళీగా ఉన్నారు. పిలిస్తే దిద్దిపెట్టడానికి వస్తాం, మాకు జీతం కూడా అక్కర్లేదు.

యూనివర్సిటీ చెప్పేదాకా ఆగక్కర్లేదని మా మనవరాలికి చెప్పాను. లీవు పెట్టుకుని నాంపల్లి క్రిమినల్ కోర్టులకు వెళ్లమన్నాను. పదిన్నరకు ముందే చేరాలి, కాల్ వర్క్ అప్పుడే అవుతుంది, ఏ కేసు ఏ దశలో ఉందో ఆ అరగంటలో తెలిసిపోతుంది. ఫోను ఆపి సంచిలో పెట్టుకోవాలి. లోపలికి వెళ్లగానే జడ్జిగారికి నమస్కారం పెట్టి వెనక బెంచీలో కూర్చోవాలి. సాక్ష్యం జరుగుతున్న హాలు ఏదని బెంచి క్లర్కును అడిగితే చెబుతాడు. నోట్సు అక్కడ రాయొద్దు, కళ్లు పైకెత్తి సాక్షిని చూడాలి, ఇంటికెళ్లాక రాసుకోవచ్చు. మధ్యాహ్నం క్యాంటీనుకు కాక వరండాలోకి వెళ్లి, ఎవరో ఒక ముసలమ్మ పక్కన కూర్చుని, ఏ కేసుమ్మా అని అడగమన్నాను. వచ్చే మంగళవారం వెళుతోంది.